తాగుడుకు వైద్యం – మన చిన్న ఊళ్లలో ఎక్కడ?

(పెన్షనర్ల దినోత్సవ సభలో రామాపురానికి చెందిన ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కని 1982లో సుప్రీం కోర్టు చెప్పిన రోజు ఇది. ఆ తీర్పు మీద నాకన్నా బాగా మాట్లాడగలవారు వేదిక మీదే ఉన్నారు. నాకు మాత్రం అధ్యక్షుల వారు “ఏదైనా ఆరోగ్య విషయం చెప్పండి” అని పావుగంట కేటాయించారు. షుగరు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి ప్రతి సంవత్సరం వింటూనే ఉన్నాము కనుక వాటి జోలికి పోను. మన ఇళ్లలో చాలామందికి తెలిసినా నలుగురిలో ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. దాన్ని ఎత్తుతాను. సమయం కాస్త మించితే ఓర్చుకోవలసిందిగా మనవి.

ఒకటో తారీఖున బ్యాంకు దగ్గర, ఏ.టి.ఎం. దగ్గర నిలబడి చూడండి. మనవాళ్లు కొందరు ఒంటరిగా రారు. పక్కన ఒక కొడుకో అల్లుడో ఉంటాడు. ముసలాయన చేతిలోని డబ్బు లెక్కపెట్టకముందే అతని చేతిలోకి పోతుంది. కొందరు తల్లులు ఏ.టి.ఎం. కార్డు తమ దగ్గర లేదని కూడా చెప్పుకోలేరు. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో వీధి అందరికీ తెలుసు. మనమేమంటాము? “వాడి బుద్ధి అంతే” అని ఊరుకుంటాము. అది బుద్ధికి సంబంధించిందే కాదు, శరీరానికి కూడా పట్టిన జబ్బు అని, దానికి వైద్యం ఉందని, ఆ వైద్యం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవచ్చని చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

ఒకే ఒక లెక్క చెబుతాను. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశమంతటా సర్వే చేసి 2019లో నివేదిక ఇచ్చారు. పదేళ్ల నుంచి డెబ్బయి అయిదేళ్ల లోపువారిలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్ల మంది. అందులో పూర్తిగా బానిసలైనవారు దాదాపు 2 కోట్ల 90 లక్షలు. ఆ బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక సాయం, వైద్యం అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 180 మందికి ఒక్కరు. ఇవి దేశం మొత్తం మీది లెక్కలు, నగరాలు కూడా కలిపి. రామాపురం లాంటి ఊళ్లలో పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మన రాష్ట్రంలో ఈ విషయం మీద చేసినంత చట్టం మరెక్కడా చేసి ఉండరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారు, తోటి ఆడవారు 1992లో లేవదీసిన సారా ఉద్యమం మనందరం సర్వీసులో ఉండగా చూసినదే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి రామారావు గారి సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు, 2019 అక్టోబరులో ప్రభుత్వమే నడిపిన దుకాణాలు, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు. ఎవరి పాలసీ మంచిదన్న చర్చ నాకు వద్దు, ఇక్కడ అన్ని పార్టీల వారూ ఉన్నారు. నేను గమనించింది ఒక్కటే. కొట్టు మూసినప్పుడూ తెరిచినప్పుడూ జీ.వో. వచ్చింది కానీ, తాగేవాడి నరాలకు ఆ జీ.వో. ఎవరూ సర్వ్ చెయ్యలేదు. 2020 మార్చి చివర లాక్‌డౌనులో దుకాణాలు ఒక్కసారిగా మూతపడేసరికి హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు వణికిపోతున్న మనుషులు వరుస కట్టారు. అదే ఏడాది జూలై ఆఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో అడుక్కునేవారు, కూలీలు కూడా ఉన్నారు. చేతులు కడుక్కునే ద్రావకం అని తెలియక తాగారంటారా? తెలిసే తాగి ఉంటారు. ఆ స్థితిని మనం బుద్ధి లేకపోవడం అంటే సరిపోదు.

ఇక నా అనుభవం. మా అక్కయ్య కుటుంబ పెన్షనరు, మా బావగారు ఉపాధ్యాయులుగా చేసి పోయారు. ఆమెకు ఒక్కడే కొడుకు, వయసు నలభై దాటింది. రైసు మిల్లులో లెక్కలు రాసేవాడు, అక్షరం ముత్యంలా ఉంటుంది. ఇక్కడ చెప్పడానికి అతని అనుమతి తీసుకునే వచ్చాను, పేరు మాత్రం చెప్పను. సాయంత్రం తాగేవాడు కాస్తా మధ్యాహ్నానికి వచ్చాడు. తరువాత తెల్లవారి పళ్లు తోముకునే ముందు ఒక గుక్క పడితే తప్ప చేతి వణుకు ఆగని దశకు చేరాడు. ఆ పొద్దుటి గుక్క చాలా ముఖ్యమైన గుర్తు అని తరువాత డాక్టరు గారు చెప్పారు. సరదాకి తాగేవాడు పొద్దున్నే తాగడు. వణుకు ఆపుకోవడానికి తాగుతున్నాడంటే శరీరం దానికి అలవాటు పడిపోయిందన్నమాట.

బంధువులందరం కూర్చున్నాము. మన ఊళ్లలో ఇలాంటప్పుడు వచ్చే మొదటి సలహా మీకు తెలుసు, అయ్యప్ప మాల. నలభయ్యొక్క రోజులు నియమంగా ఉంటాడు, తరువాత అదే అలవాటవుతుంది అని. మాల వేసుకుని శాశ్వతంగా మానినవారు నాకు తెలుసు, ఆ దీక్ష పట్ల నాకు గౌరవం ఉంది. మావాడు కూడా మనస్ఫూర్తిగానే వేసుకున్నాడు. ముందురోజు రాత్రి వరకు తాగి, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి మాల వేసుకున్నాడు. ఆ సాయంత్రానికి ఒళ్లంతా చెమట, వణుకు. మరునాడు పొద్దున పూజ దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్లే విరుచుకు పడి ఫిట్సు వచ్చింది. మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయని, మిల్లు యజమాని గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాడని కేకలు. ఇంటి నిండా జనం. స్వామి ఆగ్రహించాడని ఒకరు, గాలి సోకిందని ఒకరు, దీక్షలో ఏదో అపచారం జరిగిందని ఇంకొకరు. మా అక్కయ్య నా చెయ్యి పట్టుకుని, “తమ్ముడూ, నా పసుపు కుంకాలు ఎలాగూ పోయాయి, వీడిని మాత్రం నిలబెట్టరా” అంది.

ఊళ్లోని ఆర్.ఎం.పి. గారు గ్లూకోజు సీసా తగిలించబోతే, అదృష్టవశాత్తు అదే సమయానికి పక్క వీధి నర్సమ్మ గారు వచ్చి, “తాగేవాళ్లకి ముందు బి1 ఇంజెక్షను పడాలండీ, పెద్దాసుపత్రికి తీసుకుపొండి” అని ఆపింది. ఏళ్ల తరబడి తాగేవారి ఒంట్లో బి1 విటమిను, అంటే థయామిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ తల్లి ఆ మాట అనకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు.

అసలు ఏం జరుగుతుందో డాక్టరు గారు నాకు వివరించిన తీరులోనే చెబుతాను. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ అలా మందగింపజేస్తూ ఉంటే మెదడు ఊరుకోదు, ఎదురు తోస్తుంది. లోపలినుంచి ఒకడు తలుపు మూస్తూ ఉంటే బయటినుంచి మరొకడు బలమంతా పెట్టి తోస్తున్నట్లు అనుకోండి. లోపలివాడు ఉన్నట్లుండి చెయ్యి తీసేస్తే బయటివాడు ఏమవుతాడు? బోర్లా పడతాడు. తాగుడు ఒక్కసారిగా ఆపినప్పుడు వచ్చే వణుకు, ఫిట్సు, భ్రమలు అలా పడటమే. ఆఖరి చుక్క తాగిన ఆరు గంటల నుంచి వణుకు మొదలవవచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్సు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, జ్వరం వచ్చి, గుండె దడతో ప్రాణం మీదికే రావచ్చు. అందరికీ ఇలా కాదు. తక్కువ తాగేవారు మామూలుగానే మానేస్తారు. కానీ పొద్దుటి గుక్క ఉన్నవాడిని, ఇంతకు ముందు ఒకసారి ఫిట్సు వచ్చినవాడిని ఇంట్లో కూర్చోబెట్టి “ఇవాళ్టి నుంచి మానెయ్” అనడం ప్రమాదం. మద్యంలాగే మెదడును శాంతపరిచే డయాజిపాం, లోరాజిపాం వంటి మందులు ఇచ్చి, వారం పది రోజుల్లో వాటిని మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. తలుపు దగ్గరివాడిని మెల్లగా వెనక్కి నడిపించడమన్నమాట.

ఇక్కడ ఒక పక్కమాట. ఇదే డయాజిపాం, ఆల్‌ప్రాజోలం బిళ్లలను నిద్రకని రాత్రిపూట ఏళ్ల తరబడి వేసుకుంటున్నవారు ఈ సభలోనే ఉన్నారు. చేతులెత్తమని అడగను. డాక్టరు పది రోజులకు రాసిన చీటీని మందుల షాపులో పదేళ్లు నడిపించారు. ఇది కూడా అదే జాతి అలవాటు. ఈ మాట విని ఇవాళ రాత్రి నుంచి ఆపేయకండి, దానికీ ఇదే ప్రమాదం ఉంది. డాక్టరును అడిగి తగ్గించుకోండి. తెలంగాణలో 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, కల్లులో కలిపిన ఈ జాతి మత్తుమందులకు అలవాటు పడ్డవారు అది అందక ఫిట్సుతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లకు తాము బిళ్లలు మింగుతున్నామని కూడా తెలియదు.

సరే, పెద్దాసుపత్రికి అన్నారు. ఏ పెద్దాసుపత్రికి? 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక కాగితాల పనికి మనం బాపట్ల చూస్తున్నాము, జబ్బు చేస్తే మాత్రం పాత అలవాటు ప్రకారం తెనాలి, గుంటూరు వైపే కాళ్లు పోతాయి. ఆ రాత్రి తెనాలిలో ఫిట్సు తగ్గించి, “ఇది నరాల జబ్బు కాదు, మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి” అన్నారు. మా అక్కయ్య అక్కడే కూలబడింది. “నా కొడుకు తాగుబోతేగాని పిచ్చివాడు కాదు” అని ఒకటే ఏడుపు. తాగుబోతు అంటే ఊరు నవ్వుతుంది, పిచ్చివాడు అంటే సంబంధాలు తెగుతాయి అన్నది ఆమె భయం. ఇంట్లో పెళ్లీడు మనవరాలు ఉంది. ఈ భయం వల్ల ఎన్ని కుటుంబాలు సరైన తలుపు దాకా వచ్చి వెనక్కి పోయాయో. తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే చేర్చారు. కనుక ఈ జబ్బుకు సరైన సీటు మానసిక వైద్య విభాగమే. ట్రెజరీ బిల్లు తీసుకువెళ్లి సర్వే ఆఫీసులో ఇస్తే పాసవుతుందా?

ఆ వారం రోజుల్లోనే వేరే దారులు చూపించినవారు ఇద్దరు తగిలారు. రైలు డబ్బాలలో, బస్టాండు గోడల మీద మీరు చూసే ఉంటారు, “తాగేవారికి తెలియకుండా మద్యం మాన్పించబడును” అని. మందు మాన్పించే మందు. ఎవరో చెబితే మా అక్కయ్య ఒక పొట్లం తెప్పించింది, మజ్జిగలో కలపమన్నారట. బిల్లు లేదు, పొట్లం మీద పేరు లేదు, అందులో ఏముందో చెప్పే నాథుడు లేడు. ఇలాంటి వాటి వెనకున్న సంగతి చెబుతాను. డైసల్ఫిరామ్ అనే బిళ్ల ఒకటుంది. డెన్మార్కులో 1940లలో ఇద్దరు పరిశోధకులు వేరే జబ్బు కోసం దాన్ని పరీక్షిస్తూ తామే మింగి, తరువాత మద్యం పుచ్చుకుంటే ఒళ్లు భగ్గుమని, వాంతులై, గుండె దడ పుట్టింది. అలా దాని గుణం బయటపడింది. రోగికి అంతా చెప్పి, ఒప్పించి, గుండె, లివరు పరీక్షించి డాక్టరు ఇస్తే అది మంచి మందే. తెలియకుండా పెడితే, పాపం వాడు మామూలుగా తాగుతాడు. బి.పి. పడిపోయి ప్రాణమే పోవచ్చు. కోడలో తల్లో ప్రేమతో కలిపిన మజ్జిగ కేసుగా మారుతుంది. మా ఇంట్లో ఆ పొట్లం డ్రైనేజీ కాలువ పాలయింది.

రెండోవారు ఒక డీ అడిక్షన్ సెంటరు మనిషి. ఒక పట్నం శివారులో మూడు నెలలు ఉంచుకుంటారట, నెలకింతని ముందే కట్టాలి, ఇంటివాళ్లు నెల దాకా చూడటానికి వీల్లేదు, రాత్రికి వాళ్లే జీపు తెచ్చి ఎత్తుకుపోతారట. నేను స్వయంగా వెళ్లాను. మీకు తెలుసు కదా, గుమాస్తా బుద్ధి, కాగితం చూడకుండా సంతకం పెట్టదు. మూడే అడిగాను. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషను కాగితం చూపండి, డాక్టరు గారు ఏ రోజుల్లో ఏ వేళకు వస్తారో చెప్పండి, లోపల పడకలు చూపండి. మొదటిదానికి “ప్రాసెసింగులో ఉంది” అన్నాడు. ముప్ఫయ్యేళ్లు నేను జనానికి చెప్పిన మాటే నాకు చెప్పాడు! రెండోదానికి “అవసరమైతే పిలుస్తాం” అన్నాడు. మూడోదానికి తలుపే తియ్యలేదు. కిటికీలోంచి గుండు గీసిన కుర్రవాడొకడు నన్ను చూసి మాట్లాడబోయి ఆగిపోయాడు. నేను అడ్వాన్సు జేబులో పెట్టుకుని వచ్చేశాను.

అన్ని ప్రైవేటు కేంద్రాలూ అలాంటివే అని నా అర్థం కాదు. చెన్నైలో శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్లే భర్తను పోగొట్టుకుని, 1980లో ఆయన పేరిట స్థాపించిన టి.టి. రంగనాథన్ ఫౌండేషను ఈ వైద్యంలో దేశానికే దారి చూపింది, 1992లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. మంచి చోట్లు ఉన్నాయి. కానీ అడగకుండా చేర్చకండి. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 2017 చట్టం స్పష్టంగా చెప్పింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో నిప్పంటుకున్నప్పుడు గొలుసులు విప్పుకోలేక 28 మంది కాలిపోయిన సంగతి మనలో చాలామంది పేపరులో చదివాము. స్వయంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న రోగిని కుటుంబం తరఫున చేర్చడానికి కూడా ఆ చట్టంలో పద్ధతి ఉంది. డాక్టర్లు పరీక్షించి ధృవీకరించాలి, మొదటి విడత 30 రోజులకు మించకూడదు. రాత్రి జీపులో ఎత్తుకుపోవడం ఏ సెక్షనులోనూ లేదు.

చివరకు గుంటూరు సర్వజనాసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లాము. రామాపురం నుంచి రేపల్లె, అక్కడినుంచి తెనాలి, తెనాలి నుంచి గుంటూరు. పొద్దున్నే బయలుదేరితే గాని ఓ.పి. చీటీ వేళకు అందదు. ముందురోజు రాత్రి నేను ఒక కాగితం రాసి పెట్టుకున్నాను. ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, రోజుకు ఎంత, ఏ రకం, పొద్దున్నే తాగుతాడా, ఆఖరిసారి ఏ తేదీ ఏ గంటకు తాగాడు, ఫిట్సు ఎన్నిసార్లు, ఎప్పుడు, కామెర్లు గాని రక్తపు వాంతులు గాని అయ్యాయా, షుగరు బి.పి. ఉన్నాయా, ఇప్పుడు వాడుతున్న బిళ్లలు, చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా, ఇంట్లో ఎవరెవరున్నారు. ఒక పేజీ. మనం ఫైలు పైఅధికారికి పుటప్ చేసేటప్పుడు పెట్టే నోటు వంటిదే. ఆ కుర్ర డాక్టరమ్మ గారు అది చదివి, “ఎవరు రాశారండీ ఇది?” అని అడిగింది. నేనని చెప్పాను. “అందరూ ఇలా తెస్తే నాకు సగం పని తగ్గుతుంది” అంది. నా ముప్ఫయి నాలుగేళ్ల సర్వీసులో నా నోటును అంత శ్రద్ధగా చదివిన అధికారి లేరు.

ఆమె మావాడిని ఒక్కడినే కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. తిట్టలేదు, దేవుడి మీద ఒట్టు వేయించుకోలేదు. “తాగితే నీకు ఏం బాగుంటుంది?” అని అడిగిందట. ఆ ప్రశ్న అంతవరకు మాలో ఎవరమూ అడగలేదని మావాడు ఇప్పటికీ చెబుతాడు. వార్డులో పన్నెండు రోజులు ఉన్నాడు. మందులకు, పడకకు ఖర్చు లేదు. మా ఖర్చంతా దారి ఖర్చులు, తోడున్నవారి భోజనం. సౌకర్యాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు, మా అక్కయ్య కింద చాప వేసుకుని పడుకుంది. అయినా అయిదో రోజు పొద్దున మావాడు వణకని చేత్తో గ్లాసు పట్టుకుని టీ తాగాడు. ఆమె ఆ గ్లాసును చూస్తూ కూర్చుంది.

అక్కడితో అయిపోయిందని అనుకునేవారికి ఒక మాట. ఆ పన్నెండు రోజులు శరీరంలోంచి మద్యం దించడానికే. అసలు వైద్యం ఇంటికొచ్చాక. తాగాలనే తపన తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు ఉన్నాయి, ఎవరికి ఏది అన్నది లివరు, కిడ్నీ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. నెలనెలా వెళ్లాలి. నాలుగో నెలలో ఒక పెళ్లిలో మావాడు మళ్లీ తాగాడు. మూడు రోజులు ఆగలేదు. బంధువులందరూ “మేం చెప్పలేదా” అన్నారు. నాకూ నిరుత్సాహం వేసింది. డాక్టరమ్మ గారు మాత్రం, “షుగరు పేషెంటు పండక్కి స్వీటు తింటే వైద్యం మానేస్తామా?” అని మళ్లీ చీటీ రాసింది. అప్పటినుంచి ఇవాళ్టికి పద్నాలుగు నెలలు. రేపటి సంగతి నేను చెప్పలేను, అతనూ చెప్పడు. మిల్లులో మళ్లీ లెక్కలు రాస్తున్నాడు. ఏ.టి.ఎం. కార్డు మాత్రం మా అక్కయ్య బొడ్డు సంచీలోనే ఉంది. అందులో మొహమాటం ఏమీ లేదు, అతనే అలా ఉంచమన్నాడు.

తాగుడు మానినవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు కలిసి మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుబోతులే. 1957 నుంచి మన దేశంలో ఉంది. ఫీజు లేదు, పేరు చెప్పనవసరం లేదు. విజయవాడ వంటి నగరాలలో సమావేశాలు జరుగుతాయి. మావాడు రెండుసార్లు వెళ్లి వచ్చాడు, “అక్కడ నన్ను చూసి ఎవరూ జాలిపడలేదు మావయ్యా” అన్నాడు. భార్యలకు, తల్లులకు అల్-అనాన్ అని వేరే ఉంది.

గంజాయి విషయం క్లుప్తంగా. మనవళ్ల వయసు పిల్లల్లో అది మన ఊళ్లకూ వచ్చింది, కళ్లు మూసుకుని లాభం లేదు. పోలీసు కేసవుతుందన్న భయంతో తల్లిదండ్రులు ఆసుపత్రికే తీసుకురారు. మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అని ఒక సెక్షను ఉంది. కొద్దిపాటి పరిమాణంతోనో, వాడినందుకో కేసు ఎదుర్కొంటున్న బానిస తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు గల చోట వైద్యానికి ముందుకు వస్తే ప్రాసిక్యూషను నుంచి రక్షణ ఉంటుంది, వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి 2024లో ఏర్పడిన ఈగల్ విభాగం వారి 1972 నంబరు ఉంది. వైద్యం సలహాకు అది కాదు. దానికి మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైను 14446. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. రెండిటికీ డబ్బు పడదు. నేను 14416కు ఒక రాత్రి పదకొండు గంటలకు చేశాను. ఎత్తినమ్మాయి ఓపికగా విన్నది.

సోదరీమణులకు ప్రత్యేకించి ఒకటి. వాడు వైద్యానికి రానంటే మీరొక్కరే వెళ్లినా డాక్టరు మాట్లాడతారు. డబ్బు కోసం చెయ్యి చేసుకుంటుంటే అది వైద్యం కోసం ఆగే విషయం కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం కింద ఆర్.డి.ఓ. గారి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు నేను రాసి పెడతాను, నా దస్తూరి ఇంకా బాగానే ఉంది.

మనం ఏం చేయగలం అని కార్యవర్గంలో అడిగారు. మనకు డాక్టరీ రాదు. కానీ ఏ ఆఫీసులో ఏ సీటు దగ్గరకు ఏ కాగితంతో పోవాలో, కౌంటరు మూసే లోపల ఎలా పని చేయించుకోవాలో, రిమైండరు ఎప్పుడు వెయ్యాలో మనకన్నా బాగా తెలిసినవారు ఈ తాలూకాలో ఎవరున్నారు? అలాంటి ఇంట్లో తల్లికి అప్పుడు కావలసింది అదే. ఆమె బుర్ర పనిచెయ్యదు, పక్కన ఒక మనిషి కావాలి. గుంటూరు దాకా తోడు వెళ్లడానికి నాతోపాటు ఇంకా ఇద్దరు ఒప్పుకున్నారు. వారానికి ఒక రోజు, మంగళవారం, సంఘం గదిలో ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా నేను కూర్చుంటాను. డాక్టరు గారికి చూపే నోటు నమూనా జిరాక్సు తీయించి బీరువాలో పెట్టాను. ఫోను నంబర్లు బోర్డు మీద రాయించాము. వచ్చినవారి పేర్లు రిజిస్టరులో రాయము, హాజరు పుస్తకం అసలే లేదు. వెనక వైపు మెట్ల నుంచి కూడా రావచ్చు, ఆ తలుపు గడియ తీసి ఉంచుతాను.